ఎడమ పక్కన నడిచే మనిషి

సోలాపూర్ దాజీ పేటలో పొద్దున ఆరింటికి ముందు ఎవరైనా తలుపు కొట్టారంటే పని లేకుండా కొట్టరు. నీళ్ళ మోటారు పాడై ఉండాలి, ఎవరికో ఒంట్లో బాగా లేకపోయి ఉండాలి, లేదా మన దగ్గర ఏదో ఆశించి వచ్చి ఉండాలి. ఏడాదిన్నర కింద ఒక సోమవారం బావ మా తలుపు కొట్టి, "ఫిరాయ్లా పోదాం పా, బావ" అన్నప్పుడు ఈ మూడింట్లో మూడోదే అయ్యుంటుందని అనుకున్నాను. షికారుకు పిలవడానికి మనిషి మనిషి ఇంటికి రావడం మా సందులో నేనెప్పుడూ చూడలేదు.

బావ అంటే చుట్టం కాదు. ఒకే కార్ఖానాలో పక్కపక్క సాంచెల మీద, అదే మరమగ్గాల మీద, పద్దెనిమిదేళ్ళు టవళ్ళు నేశాం. నేనాయన్ని బావ అంటాను, ఆయన నన్ను బావ అంటాడు. ఎవరి చెల్లెల్ని ఎవరూ చేసుకోలేదు. తర్వాత నేను రెండు పాత సాంచెలు కొనుక్కుని ఇంటి వెనక రేకుల షెడ్డులో నిలబెట్టుకున్నాను. ఆయన ఒక టవళ్ళ గోదాములో చెకింగ్ పనికి కుదిరాడు. నేసి వచ్చిన బట్టను వెలుగుకు పట్టి, పోగు తెగిన చోటా పేక తప్పిన చోటా వేలు పెట్టి చూపించే పని అది. అలాంటి పనికి కన్ను చురుగ్గా ఉండాలి, ఆయన కన్నుకు పేటలో పేరుండేది. అప్పట్నుంచీ పెళ్ళిళ్ళలోనూ చావుల్లోనూ తప్ప మేం కలుసుకున్నది తక్కువ. అలాంటి మనిషి తెల్ల కాన్వాసు బూట్లు వేసుకుని వచ్చి గుమ్మంలో నిలబడితే, ఊరికే రారు మహానుభావులు అనుకోక ఏమనుకోను?

అంతకు ముందు జరిగింది చెప్పాలి. ఒక రోజు సాంచె కింద తెగిన పోగులు అతకడానికి గొంతుక్కూర్చున్నాను. పని అయ్యాక లేవబోతే లేవలేకపోయాను. నొప్పి లేదు, తిమ్మిరి లేదు. కాళ్ళు నా మాట వినలేదు, అంతే. సాంచె చట్రం పట్టుకుని పైకి లాక్కున్నాను. మూడు రోజులకు మళ్ళీ అదే జరిగింది, ఈసారి మా వాడు చూశాడు. మా వాడంటే నా కొడుకు. బండ్ల షోరూములో పని చేస్తాడు, ఈ సాంచెల చప్పుడు వాడికి చిన్నప్పటి నుంచీ గిట్టదు.

"నాయినా, ఇగ బంద్ చెయ్యి. లేవలేక పట్టా మీద చెయ్యేస్తే ఏమైతదో నీకు తెల్వదా?" అన్నాడు.

తెలుసు. తిరిగే పట్టాలో వేళ్ళు పోయినవాళ్ళు మా పేటలో వీధికి ఇద్దరు ఉంటారు. కానీ నాకు అరవై నాలుగు, మిగిలిన పని ఇదొక్కటే. అది తీసేస్తే నేను గుమ్మంలో కూర్చుని వచ్చేపోయే వాళ్ళ చెప్పులు చూసుకోవాలి.

డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. మరాఠీ అమ్మాయి, నా కూతురి వయసు ఉంటుంది. చేతులు గుండె మీద కట్టుకుని కుర్చీలోంచి లేవమంది. రెండుసార్లు ముందుకు ఊగి, మూడోసారి కుర్చీ చెయ్యి పట్టుకుని లేచాను. తొడల్లో కండ కరిగిపోతోందని, దానికి మాత్ర లేదని, రోజూ నడవాలని, కుర్చీలో కూర్చోవడం లేవడం రోజూ చెయ్యాలని చెప్పింది. "నెల చేసి మానేస్తే లాభం లేదు, కాకా. బతికున్నన్నాళ్ళూ చెయ్యాలి. లేకపోతే ఏడాదిలో లేవడానికి ఒకరి చెయ్యి కావాలి" అంది. మందు రాయని డాక్టర్ని నేనంత తొందరగా నమ్మను. కానీ బయటికి రాగానే మా వాడు పెట్టిన షరతు నమ్మక తప్పలేదు. ఇంకొక్కసారి నేను సాంచె పట్టుకుని లేవడం చూస్తే మరునాడే పాత ఇనుము కొనే భంగారు వాణ్ణి పిలిచి రెండూ తూకానికి ఇచ్చేస్తానన్నాడు. వాడు అన్నంత పనీ చేసే రకం.

ఒంటరిగా మొదలుపెట్టి పదకొండు రోజులు నడిచాను. పన్నెండో రోజు చినుకులు. పదమూడో రోజు చినుకులు లేవు గానీ పడతాయేమో అనిపించింది. పద్నాలుగో రోజు బూటులో రాయి. వయసులో ఉన్నప్పుడు ఒంటిని కదిలించడానికి కారణం అక్కర్లేదు, కదలకుండా కూర్చోపెట్టడమే కష్టం. ముసలితనంలో అది పొద్దున్నే లేచి "ఎందుకు?" అని అడుగుతుంది. నిన్న చెప్పిన జవాబు ఇవాళ ఒప్పుకోదు. సాంచెలు పోతాయి అని చెప్పుకుంటే ఒకటి రెండు రోజులు భయపడ్డాను. తర్వాత ఆ భయానికి కూడా అలవాటు పడ్డాను. ఇక నడక నా వల్ల కాదని నిశ్చయం చేసుకున్న వారానికి బావ వచ్చాడు.

మొదటి అనుమానం మా ఇంటామె మీద. ఆమె బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని తలుపు పక్కనే కూర్చుంటుంది, సందులో పోయే ప్రతివాళ్ళతోనూ ఒక మాట ఉంటుంది. బావతో ఏమైనా చెప్పావా అని అడిగాను.

"నాకు సాయంత్రం దాక వెయ్యి బీడీలు చుట్టేదున్నది. నీ కాళ్ళ ముచ్చట ఊరంత చెప్పుకుంట కూసుంటనా?" అంది. తల ఎత్తలేదు. తల ఎత్తకుండా చెప్పే జవాబు నిజం కావచ్చు, కాకపోనూ వచ్చు.

సరే, వెళ్ళి చూద్దాం, ఏం కావాలో రెండు రోజుల్లో బయటపడుతుంది కదా అని బయల్దేరాను. మా సందులోంచి కుంఠా నాకా కూడలి దాకా పోయి, అక్కడ పెద్ద రోడ్డు దాటితే ఒక మైదానం ఉంది. దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, సిమెంటు బెంచీ మీద ఇరవైసార్లు కూర్చుని లేచి, మళ్ళీ రోడ్డు దాటి వెనక్కి రావడం. రెండు రోజుల్లో ఏమీ బయటపడలేదు. రెండు వారాల్లోనూ పడలేదు. బయటపడింది ఏమిటంటే, ఆ మనిషి నడకలో కొన్ని వంకరలున్నాయని.

ఎప్పుడూ నా ఎడమ పక్కనే నడుస్తాడు. నేను పొరపాటున అటు జరిగితే నా వెనక నుంచి చుట్టి వచ్చి మళ్ళీ ఎడమకే చేరతాడు. నా ఎడమ చెవి మందం. నలభై ఏళ్ళు సాంచె మోటారు అటు పక్కనే తిరిగింది. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు. వినపడని చెవి పక్కన ఏరి కోరి నడిచేవాడు అక్కడ ఏమి గొణుగుతున్నాడో నాకెలా తెలుస్తుంది? నేను "ఆఁ?" అంటే "ఏం లేదు, తియ్యి" అంటాడు.

రెండోది, పక్కపక్కన అన్న మాటే గానీ అరడుగు వెనక ఉంటాడు. నా కాళ్ళు చూడటానికే అని నాకు అర్థమైంది. మలుపు వచ్చినప్పుడల్లా నా భుజం మీద చెయ్యి వేస్తాడు. ఒంట్లో వణుకు ఉందో లేదో చూస్తున్నాడని పసిగట్టి, ఆయన చెయ్యి పడగానే భుజం బిగబట్టేవాణ్ణి.

మూడోది అన్నింటికంటే విచిత్రం. నాకా దగ్గర బ్యానర్లు ఎప్పుడూ వేలాడుతూ ఉంటాయి కదా, ఎవరిదో పుట్టినరోజు, ఎవరికో శ్రద్ధాంజలి. రోజూ వాటి ముందు నిలబడి, "ఇయ్యాల ఎవరిది, బావ? ఏం రాసిండ్రు?" అని అడిగేవాడు. మరాఠీ ఆయనకు రాకనా? నాకంటే బాగా వచ్చు. ఈయన నా బుర్రను పరీక్ష చేస్తున్నాడనుకున్నాను. పేరు చదివి, ఫోటోలో మెడ గొలుసు ఎంత లావుందో, పక్కన ఎంతమంది చేతులు కట్టుకుని నిలబడ్డారో అన్నీ గబగబా ఒప్పజెప్పేవాణ్ణి. "మంచిగ జెప్పినవ్" అనేవాడు. బడిపిల్లాణ్ణి మెచ్చుకున్నట్టు ఉండేది, ఒళ్ళు మండేది.

ఇవన్నీ ఎవరి కోసం? దానికీ జవాబు దొరికింది. ఒక సాయంత్రం నాకా దగ్గరి టీ బండి వెనక ఆయనా మా వాడూ తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకుంటూ కనిపించారు. నన్ను చూడగానే మా వాడు మాట ఆపేశాడు. బావ అయితే నన్ను చూడనే లేదు, నేను ఆయన కుడి వైపు నుంచి నాలుగడుగుల దూరానికి వచ్చినా తన గ్లాసు వైపే చూస్తున్నాడు. ఎంత బాగా నటిస్తున్నాడో అనుకున్నాను. ఇంటికొచ్చాక మా వాణ్ణి అడిగితే, "ఏం లేదు నాయినా, ఉత్తగనే" అన్నాడు. ఇక సందేహం లేదు. నా కాళ్ళ సంగతి రోజువారీగా చేరవేయడానికి మా వాడు పెట్టుకున్న మనిషి ఈయన. నేను ఏ రోజు తడబడితే ఆ రోజు భంగారు వాడు వస్తాడు.

ఇది తెలిసిన వాళ్ళు మానేస్తారని మీరనుకోవచ్చు. నేను మానలేదు. మానేస్తే మరునాడే "ముసలాయన పనైపోయింది" అన్న కబురు మా వాడికి చేరదా? అందుకని వానలో గొడుగు వేసుకుని పోయాను. గణపతి నిమజ్జనం అయిన మరునాడు రోడ్డంతా నిండిన గులాలు బురదలో కూడా పోయాను. రాత్రి ఇంట్లో అందరికీ పడుకోవడం ఆలస్యమైన రోజున కూడా ఆయన తలుపు కొట్టేసరికి బూట్లు తొడుక్కుని కూర్చునేవాణ్ణి, తలుపు తీయడం ఆలస్యమైందన్న మాట కూడా ఆయన నోట రాకూడదని. బెంచీ మీద ఇరవై కాస్తా ఇరవై అయిదు చేశాను, ముప్పై చేశాను, చేతులు గుండెల మీద కట్టుకుని. ఆయన ఆయాసపడుతూ పక్కన చేస్తుంటే నాకు లోపల సంతోషంగా ఉండేది. పో, పోయి చెప్పు అనుకునేవాణ్ణి.

పది నెలలు ఇలా గడిచాయి. సాంచె కింద నుంచి గుంజీ తీసినంత సులువుగా లేస్తున్నాను. మా వాడు భంగారు మాట ఎత్తడం మానేశాడు. ఎవరైనా అయితే అక్కడితో తృప్తిపడేవారు. నాకు మాత్రం మంట ఎక్కువైంది. నేను బాగైపోయానని చూస్తూ కూడా ఇంకా ఎందుకు కాపలా కాస్తున్నాడు? నేను పడతానని ఇంకా ఆశ ఉందా? అనుమానం పెనుభూతం అని మా అమ్మ ఊరికే అనేది కాదు. ఒక పొద్దున నిర్ణయించుకునే బయల్దేరాను. నాకా దాకా పోతాను, రోడ్డు దాటకుండా అక్కడే మొహం మీద చెప్పేస్తాను. నీ సావాసం వద్దు, ఎవరి నడక వాళ్ళం నడుద్దాం అని.

నాకా చేరాం. ఎప్పటిలాగే రోడ్డు అంచున ఆగాడు, ఎప్పటిలాగే, "ఏంది, బావ?" అన్నాడు. పోదామా అని అర్థం. దాటే దగ్గర నా మాట కోసం ఆగడం ఆయన అలవాటు. రోజూ నేను "నడువ్" అనో "చల్" అనో నోటికి ఏ భాష వస్తే అందులో ఒక మాట అనేవాణ్ణి, ఇద్దరం కలిసి కాలు వేసేవాళ్ళం. ఆ రోజు నేను అంచు దాకా పోలేదు. రెండడుగుల వెనకే ఆగిపోయాను.

"చాల్" అన్నాను.

చాలు, ఈ నాటకం ఇక చాలు అనాలని నా ఉద్దేశం. మిగతా వాక్యమంతా నాలుక చివర సిద్ధంగా ఉంది. మా తాతలు సిరిసిల్ల వైపు నుంచి వచ్చినప్పుడు "సాలు" అనేవారట. ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగిన మా నోళ్ళలో అది "చాల్" అయి కూర్చుంది. అదే మాట అదే పలుకుతో మరాఠీలో అంటే నడువు అని. సోలాపూర్‌లో పుట్టిన తెలుగువాళ్ళం ఒక్క వాక్యంలో రెండు భాషలూ కలిపే మాట్లాడతాం, ఎదుటివాడు మొహం చూసి ఏది ఏ భాషో తెలుసుకుంటాడు. బావ నా మొహం చూడలేదు. కాలు తీసి రోడ్డు మీద వేశాడు.

కుడి వైపు నుంచి కూరగాయల మూటలేసుకుని ఆటో వస్తోంది. నాకు స్పష్టంగా కనిపిస్తోంది. ఆయనకూ కనిపిస్తోంది కదా అనుకున్నాను. అరిచేసరికి ఆటో పక్క కమ్మీ ఆయన నడుముకు తగిలింది, ఆయన ఎడమకు పడ్డాడు, కాలు కింద మడత పడింది. ఆటో అతను బండి ఆపి దిగి, "కాకా, దిసత్ నాహీ కా?" అన్నాడు. కనబడట్లేదా అని. కోపంలో ఎవరైనా అనే మాటే, దానికి ఎవరూ జవాబు చెప్పరు. బావ రోడ్డు మీద కూర్చుని, విరిగిన కాలు రెండు చేతులతో పట్టుకుని, నెమ్మదిగా జవాబు చెప్పాడు.

"నాహీ రే, బాబా. ఉజవ్యా డోళ్యానం దిసత్ నాహీ."

కుడి కన్ను కనబడదు అన్నాడు.  నన్ను కుడి వైపు ఉంచుకుని ఎడమ పక్కన ఎందుకు నడుస్తాడో, భుజం ఎందుకు పట్టుకుంటాడో, బ్యానర్లు ఎందుకు చదవమంటాడో, టీ బండి దగ్గర నన్నెందుకు చూడలేదో, పది నెలలు నేను పోగు పోగూ ఏరి కూర్చిన అనుమానమంతా ఒక్క మాటతో తిరగబడింది. ఆటో అతనూ నేనూ కలిసి ఆయన్ని ఎత్తి మూటల పక్కన కూర్చోబెట్టాం. 

అదే ఆటోలో దవాఖానకు పోతుంటే చెప్పాడు. షుగర్ వల్ల రెండేళ్ళ కింద ఆ కన్ను పోయింది, రెండోదానికి కూడా దూరపు అక్షరాలు మసకే. రెండోది ఉండాలంటే షుగర్ దించాలి, అది దిగాలంటే రోజూ నడవాలి. ఒంటరిగా నాకా దాటే ధైర్యం లేదు. మైదానంలో నడిచేవాళ్ళు ఇద్దరు ముగ్గుర్ని అడిగి చూశాడట, వాళ్ళంతా వేగంగా పోయేవాళ్ళు, ఈయన కోసం ఆగలేదు.

"నువ్వు పదకొండొద్దులు నడిచి ఇడిసిపెట్టినవని ఇన్న. ఇడిసిపెట్టినోడైతే నాతోని మెల్లగ నడుస్తడనుకున్న, బావ" అన్నాడు. తర్వాత, "గోదాముల చెప్పకు. ఒక్క కన్నుతోని చెకింగ్ చేస్తున్ననని తెలిస్తే రేపే రావద్దంటడు" అన్నాడు.

మా వాడికి ముందే తెలుసు. కళ్ళ దవాఖానకు బండి మీద తీసుకుపోయేది వాడే. టీ బండి వెనక మాట్లాడుకున్నది ఆ సంగతే. ఎందుకు చెప్పలేదురా అంటే, "కాక ఒట్టేయించుకున్నడు. నీకు చెప్తే నీ పెదవి దాటదు గని నీ మొహం దాటుతది అన్నడు" అన్నాడు.

కాలికి ఆరు వారాల పట్టీ వేశారు. చూడటానికి వచ్చిన వాళ్ళందరితో బావ ఒకటే చెప్పాడు: ఆటో ఒక్కసారిగా తిరిగొచ్చింది, పక్కనున్న బావ పాపం ఏం చేస్తాడు? నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అది నాకు మరీ కష్టమైంది. నా నోట్లోంచి వచ్చిన మాట ఏమిటో ఆయనకు నిజంగా తెలియదా, తెలిసే నన్ను కాపాడుతున్నాడా? ఇంత జరిగాక కూడా నా బుర్ర అనుమానమే పడుతోంది. గుమ్మడికాయల దొంగ అని ఎవరూ అనకముందే భుజాలు తడుముకుంటూ తిరిగాను. నడక మానేశాను. మూడు వారాలు నాకా వైపు పోలేదు. పొద్దున బూట్లు కనపడకుండా మంచం కిందికి తోసేశాను. ఎవర్ని చూసుకుని నడవాలి ఇక?

మూడో వారం చివర్లో సాంచె కింద కూర్చున్నాను. పోగులు అతికి లేవబోయాను. సగం లేచాక కాళ్ళు ఆగాయి. చెయ్యి దానంతట అదే వెళ్ళి చట్రాన్ని పట్టుకుంది. వెంటనే వెనక్కి తిరిగి చూశాను, మా వాడు ఉన్నాడేమో అని. లేడు.  మూడు వారాలకే ఇలా అయితే ఏడాదికి డాక్టరమ్మ చెప్పిన మాట అక్షరాలా జరుగుతుంది. మోటారు ఆపి, చేతులు కడుక్కుని, అట్నుంచి అటే బావ ఇంటికి పోయాను.

ఆయన మంచం మీద కూర్చుని రెండు చేతుల్లో రెండు నీళ్ళ సీసాలు పట్టుకుని పైకీ కిందికీ ఎత్తుతున్నాడు. నన్ను చూసి, అంటే నా అడుగుల చప్పుడు విని, మొహం పూర్తిగా ఇటు తిప్పాడు. "కాలే కద ఇరిగింది, చేతులు మంచిగనే ఉన్నయి" అన్నాడు.

నేను కూర్చోలేదు. "బావ, ఆ పొద్దు నేను చాల్ అన్న కదా. అది నడువుమని కాదు."

"మరి?"

"సాలు అని. నీతోని నడుసుడు ఇగ సాలు అని చెప్పనీకి వచ్చిన."

సీసాలు పక్కన పెట్టాడు. ఎందుకు అని అడిగాడు. చెప్పాను. ఎడమ చెవి దగ్గర మొదలుపెట్టి టీ బండి దాకా ఏదీ దాచలేదు. ఆయన మధ్యలో ఎక్కడా అడ్డు రాలేదు. 

"అంటే పది నెల్లు నన్ను దొంగ అనుకుంటనే నడిచినవా?"

"అవును."

"ఒక్కనాడన్న ఇంట్ల పండుకున్నవా?"

ఆలోచించి చూసుకున్నాను. "లేదు" అన్నాను.

"గదే మరి. దోస్తు అనుకుంటే నాలుగొద్దులకే ఎగ్గొడ్తుంటివి. దోస్తుతోని ఏమున్నది, రేపు పోదాం అనొచ్చు." నవ్వుతున్నాడేమో అనుకున్నాను, నవ్వట్లేదు. "నాకు బాధైంది, బావ. కాలు ఇరిగినందుకు కాదు. గంత అనుమానం పెట్టుకొని నా పక్కపొంటి ఎట్ల నడిచినవ్ అని."

 క్షమించమని అడగడం మా వాళ్ళలో అలవాటు లేదు, నాకసలు రాదు. నిలబడే ఉన్నాను. చివరికి ఆయనే అన్నాడు. "రేపటి సంది ఒక్కనివే పో. అనుమానపడనీకి ఎవ్వలు లేకున్నా పోతవో లేదో చూస్త."

ఆ తర్వాతి మూడు వారాలు నా నడకలో అన్నిటికంటే కష్టమైనవి. కోపం లేదు, భయం లేదు, ఎవరికీ ఏదీ రుజువు చెయ్యాల్సిన పని లేదు. పొద్దున కళ్ళు తెరవగానే ఒళ్ళు తన ప్రశ్న అడిగేది, నా దగ్గర జవాబు ఉండేది కాదు. జవాబు చెప్పకుండానే బూట్లు తొడుక్కోవడం నేర్చుకున్నాను. ఒక రోజు రోడ్డు దాకా పోయి దాటకుండా వెనక్కి వచ్చేశాను. ఒక రోజు బెంచీ మీద ఏడుసార్లకే ఆపేశాను. అయినా పోయాను. వచ్చేటప్పుడు బావ ఇంటి ముందు ఆగి ఎంత నడిచానో, ఎక్కడ ఎగ్గొట్టానో ఉన్నదున్నట్టు చెప్పేవాణ్ణి. అబద్ధం చెప్పి ఉండొచ్చు, ఆయన చూడబోయాడా? చెప్పాలనిపించలేదు.

ఈలోగా గోదాములో ఆయనే నోరు విప్పి కన్ను సంగతి చెప్పేశాడు. చెకింగ్ పని పోయింది. మడత పనిలో పెట్టుకున్నారు. అంచుకు అంచు కలపడానికి కన్నెందుకు, వేళ్ళు చాలు అంటాడు. పేరు మాత్రం పోయింది, ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఆయన మాట మధ్యలో ఆగిపోతుంది.

పట్టీ తీశాక ఇంకో రెండు వారాలు ఇంటి ముందే అటూ ఇటూ నడిచాడు. తర్వాత ఒక పొద్దున నేనే వెళ్ళి ఆయన తలుపు కొట్టాను. ఆయన భార్య తలుపు తీసి నన్ను కిందికీ మీదికీ చూసింది. ఆమెకు సంగతి తెలుసో తెలియదో నాకు తెలియదు, అడిగే ధైర్యం కూడా లేదు. "జర జాగ్రత్త, అన్నా" అంది, అంతే.

మెల్లగా నడిచాం. కాలు ఈడ్చినట్టు వేస్తున్నాడు, మధ్యలో రెండుసార్లు ఆగాం. ఈసారి దాపరికం లేదు, మొదటి నుంచీ నా మోచెయ్యి పట్టుకునే నడిచాడు. నాకా దగ్గరికి రాగానే ఆయన చెయ్యి బిగుసుకోవడం తెలిసింది. రోడ్డు అంచున నిలబడ్డాం.  వెనక్కి పోదాం అని ఆయన అంటే బాగుండును అని మనసులో కోరుకున్నాను.

"బండ్లు వస్తున్నయా, బావ?" అని అడిగాడు.

"ఆగు" అన్నాను. నీళ్ళ ట్యాంకరు ఒకటి పోయింది. దాని వెనక సిటీ బస్సు పోయింది. కుడికి చూశాను, ఎడమకు చూశాను, నా కళ్ళ మీద నాకే నమ్మకం లేక మళ్ళీ కుడికి చూశాను. రోడ్డు ఖాళీగా ఉంది.

"ఏం లేవు. నడు..."

మాట పూర్తిగా నా నోట్లోంచి రానే లేదు, ఆయన కాలు రోడ్డు మీద పడింది. తల కూడా తిప్పి చూడలేదు. ఆయన స్థానంలో నేనుంటే నా మాట నమ్మి ఒక్క అడుగు కూడా వేసేవాణ్ణి కాను.